శివంగి వంక దాటలేదు

వంక పొంగి సుంకప్ప కళ్లం కొట్టుకుపోయిన ఏడు అది. కర్నూలు రాజధాని అయిన మరుసటి సంవత్సరమని చదువుకున్నవాళ్లు లెక్క చెబుతారు. మా ఊళ్లో మాత్రం వంక పొంగిన ఏడు అంటేనే తెలుస్తుంది. చొప్ప వామి ఎక్కడికి తేలిపోయిందీ, ఎవరి కోళ్లు ఏ చెట్టెక్కి బతికిందీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నీళ్లప్పుడే హంపమ్మకు, ముందటి ఇద్దరిలాగే, మూడో బిడ్డ పుట్టి, పుట్టినట్టే పోయింది. ఆ గుర్తుతో ఆ ఏడును ఎవరూ చెప్పుకోలేదు.

హంపమ్మ నా భార్య. ఇక్కడ రాసేది చాలావరకు ఆమె తర్వాతి ఏండ్లలో జొన్నల్లో రాళ్లు ఏరుకుంటూ ఒక్కొక్క ముక్కగా చెప్పింది. నేను అడగలేదు. చెబుతుంటే విన్నాను.

మాఘం చివరికొచ్చింది. వంకలో నీళ్లు ఎప్పుడో ఇంకి ఇసుక మిగిలింది. ఉగాది ఇంకా రాలేదు. చలికాలమంతా గొర్రెలను ఊరూరి చేలల్లో ఎరువుకు మంద పెట్టి నేను ఇంటికి తిరిగొచ్చి నాలుగు దినాలయింది. ఆ పొద్దున హంపమ్మ పొయ్యి ముందు రొట్టెలు కొడుతోంది. మా అమ్మ గిడ్డమ్మ గడపలో కూర్చొని మా కుక్క శివంగిని చూస్తోంది. నల్లకుక్క అది, మెడ కింద అరచేతంత తెలుపు. అది మంద కాడ ఉంటే తోడేలు చుట్టు తిరిగి పోవలసిందే. అయితే ఈ మధ్య పరుగు తగ్గింది. ఇంకో కుక్క కావాలన్నది నిజమే.

"శివంగి ఎదకొచ్చింది," అంది అమ్మ. "వంక అవతలి బొజ్జన్నతో మాట్లాడినా. మాపటేళకు వాని మొగకుక్క కాడికి తోలుకపో. అది నీ ఎనకాలయితేనే వస్తాది. ఊరకనే ఉండావు కదా."

ఊరకనే. ఆ మాట అనేసరికి హంపమ్మ కసువూడ్చి, పేడనీళ్లు చల్లి, వంక ఇసుకలో చెలిమ తోడి, ఊరే నీటికోసం కాచుకుని కూర్చొని, చిప్పతో ముంచి ముంచి రెండు కడవలు నింపి తెచ్చింది. జొన్నలు విసిరింది. దొడ్డిలో పేడ ఎత్తింది. పాలు మరచిన గొర్రెపిల్లకు వేలు నోట్లో పెట్టి గంజి తాగించింది. అమ్మ కాళ్లకు ఆముదం రాసింది. ఇదంతా పని అని మా ఇంట్లో ఎవరికీ తోచేది కాదు. పొద్దు పొడిచినట్టు జరిగేది. పొద్దు పొడవని దినం ఉంటే కదా అడిగేది. నేను ఆ రొట్టె తింటూ ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వెయ్యమన్నాను. ఆమె వేసింది.

అమ్మ అక్కడితో ఆపలేదు. నా వైపు చూడకుండా, హంపమ్మకే వినబడేట్టు, "వానికి మంద పని తీరింది. రేపటితో అమావాస్య పోతాది. లోపలి గదిలో చాప పరుచు. ఈ వాకిట్లో ఒక మొగపిల్లోడు తిరగల్ల," అంది. హంపమ్మ పెనం మీద రొట్టె తిప్పలేదట. అది మాడింది. మాడిన రొట్టె తనే తినింది.

ఎందుకో చెప్పాలి. వంక పొంగిన రాత్రి హంపమ్మకు నొప్పులు వచ్చింది కొట్టంలో. ఆ కొట్టంలోనే ఇంకో మూల శివంగి ఈనుతోంది. వంక అవతలికి పోయి ఎవరినీ పిలుచుకొచ్చే దారి లేదు. మా ఊరి మంత్రసాని నాగక్క ఒక్కతే ఇద్దరినీ చూసింది. హంపమ్మ బిడ్డ దక్కలేదు. శివంగి పిల్లల్లో ఒకటి అడ్డం తిరిగింది, నాగక్క చెయ్యి పెట్టి తీసింది. దాని పిల్లలూ దక్కలేదు. తెల్లవారినాక నాగక్క బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ అరుగు మీద ఉన్న మగవాళ్లందరితో అంది: "ఈ కుక్కను ఇంక సూలు కానియ్యాకండప్పా. ఈ తూరి దాని పాణం నిలవదు." అందరం విన్నాం. ఊరంతా చెప్పుకుంది. పాపం శివంగి అన్నారు.

బయటికి రాకముందు నాగక్క కొట్టంలో అమ్మ చెవిలో ఇంకో మాట చెప్పింది. హంపమ్మకు జ్వరం కాలుతున్నా ఆ మాట వినబడింది. అదే మాట. కుక్క అన్నచోట కోడలు అంది, అంతే తేడా. అది అరుగు దాకా రాలేదు.

అమ్మ దాన్ని అక్కడే పాతేసింది. మంత్రసాని మాటలకేమి అనుకుందో, నేను ఇంకో పెళ్లి చేసుకుంటానని భయపడిందో తెలియదు.

ఇంకొక సంగతి ఉంది. హంపమ్మ చెల్లెలు వంక పొంగడానికి నాలుగు నెలల ముందు కానుపులోనే పోయింది. బిడ్డ మిగిలింది, ఆడపిల్ల, పేరు ఆనందం. ఆలూరు అవతల హంపమ్మ పుట్టినూళ్లో ముసలి తల్లి పెంచుతోంది. ఆమెకు చూపు తగ్గింది. పాకే పిల్ల పొయ్యిలో పడుతుందేమోనని దినమంతా దాని కాలికి చీరపేలిక కట్టి, కొస తన చేతికి చుట్టుకుంటోందని, మీరు తీసుకుపోయి పెంచుకోండని ఆ ఊరినుంచి సంతకొచ్చే మనిషితో చెప్పి పంపింది. అమ్మ ఆ మనిషికి మజ్జిగ ఇచ్చి పంపించేసింది. "కడుపున పుట్టనిది మనది ఎట్టయితాది?" అంది. దానికి పెట్టే ముద్ద రేపు నీ కొడుకుకు పెట్టుకో అని హంపమ్మతో అంది.

మాపటేళకు హంపమ్మ సంగటి ముద్ద ఒకటి ఆకులో చుట్టుకొని బయలుదేరింది. శివంగికి తాడు కట్టలేదు. కట్టే పనిలేదు, ఆమె వెనక నీడలా నడుస్తుంది. వంక దగ్గరికి వచ్చేసరికి ఎండ పచ్చబడింది. అవతలి గట్టున బొజ్జన్న మంద, మొగకుక్క మొరుగు.

ఇసుకలో దిగబోయి ఆమె ఆగింది. శివంగీ ఆగింది. ఆమె ఒక అడుగు వేసింది. అదీ వేసింది. మళ్లీ ఆగింది. అదీ ఆగింది. అప్పుడు ఆమె అనుకున్నదట: దీని ప్రాణం నిలవదని ఊరంతా విన్నారు, అయినా తోలుకపో అన్నారు. నా సంగతి విన్నది అత్త ఒక్కతే, ఆమే చాప పరచమంటోంది. ఊరంతా విన్నా ఒక్కరు విన్నా ఒకటే అయితే చెప్పి ఏమి లాభం. మళ్లీ అనుకున్నదట, మా ఆయన వినలేదు కదా, వింటే ఏమంటాడో నాకేమి తెలుసు, చెప్పి చూసిందెప్పుడు. పెళ్లయిన కాడినుంచి ఆయన నాతో మాట్లాడింది ఉప్పు, కారం, నీళ్లు. నేనూ అంతే కదా. మళ్లీ కుక్కను చూసింది. అది ఎందుకొచ్చిందో దానికి తెలియదు. ఈమె అన్నం పెడుతుంది కాబట్టి ఈమె ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది. ఈ వంక నేను దాటితేనే అది దాటుతుంది, నేను నడవకపోతే ఈ పని జరగదు, అత్త అన్నది కాదు, బొజ్జన్న ఒప్పుకున్నది కాదు, నా కాళ్లు నడిస్తేనే. ఇంతకాలం ఇంట్లో ఏది జరిగినా అంతే కదా అనిపించిందట. ఆ సంగతి అప్పటిదాకా ఆమెకు తట్టలేదు. ఆమె గట్టున కూర్చుంది. శివంగి ఆమె పాదాల మీద గడ్డం పెట్టి పడుకుంది.

బొజ్జన్న అవతలినుంచి చూసి చూసి కేక వేశాడు. "ఏం వదినా, పెండ్లికూతురును గట్టునే కూసోబెట్టుకుంటివి. ఈడ పెండ్లికొడుకు పొద్దన్నుంచి మూతి నాక్కుంటాండాడు."

"పెండ్లికూతురుకు ఒప్పుదల లేదంటప్పా."

"కుక్కకు ఒప్పుదలేంది?"

"అడిగితే కదా తెలిసేది."

బొజ్జన్న నవ్వుకుంటూ మొగకుక్కను కట్టేసి వంక దాటి వచ్చాడు. అతని మంద కాడ ఈమధ్య ఈనిన ఎర్రకుక్క సంగతి హంపమ్మ అడిగింది. మొగపిల్లలన్నిటినీ తలా ఒకరు తీసుకుపోయారని, ఒక్క ఆడది మిగిలిందని, ఎవరూ అడగలేదని చెప్పాడు. ఆడది ఎందుకు, ఏటా ఈని తలనొప్పి అంటారట.

"నాకియ్యి," అంది హంపమ్మ.

"పెద్దమ్మ తిడతాది వదినా."

"తిట్టేది నన్ను కదా. నీదేం పోయ?"

బొజ్జన్న పోయి పిల్లను తెచ్చాడు. పిల్ల వెంట ఎర్రకుక్క వంక దాటి వచ్చింది. మా పక్క తల్లి నోట్లో ముద్ద పెట్టకుండా పిల్లను ఎత్తుకుపోరు. శివంగి కోసం తెచ్చిన సంగటి ముద్ద ఆమె ఎర్రకుక్కకు పెట్టింది. అది తిని, పిల్లను ఒకసారి నాకి, వెనక్కి పోయింది. శివంగి లేచి పిల్ల వెనకా ముందూ వాసన చూసి, తుమ్మి, ఇంటిదారి పట్టింది.

నేను వాకిట్లో పగ్గం పేనుతున్నాను. హంపమ్మ కొంగులో పిల్లతో వచ్చింది. శివంగిని ఎద తీరేదాకా కొట్టంలో కట్టేస్తున్నానని చెప్పి, కట్టేసి వచ్చింది. తర్వాత పిల్లను అమ్మ ముందు పెట్టింది.

మా ఇళ్లల్లో కొత్తగా తెచ్చిన కోడినైనా కుక్కనైనా రోలు చుట్టూ మూడుమార్లు తిప్పుతారు. తిప్పితే వచ్చిన ఇల్లు మరచి ఇక్కడిదవుతుంది. తిప్పేది ఇంటి పెద్దామె.

"తిప్పు అత్తా," అంది హంపమ్మ.

అమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. తోలుకపొమ్మన్న పని చేయలేదని, పైగా ఎవరూ తీసుకోనిది తెచ్చిందని చాలా అంది. శివంగి తల్లి, దాని తల్లి, అన్నీ ఈ వాకిట్లోనే పుట్టాయని అంది. చివరికి, "ఈ వాకిట్లో పుట్టంది ఈ వాకిలిది ఎట్టయితాది? నేను తిప్పను," అంది.

హంపమ్మ గొంతు పెంచలేదు.

"నేను ఈ వాకిట్లో పుట్టినానా అత్తా? ఆ రోలు చుట్టూ నన్ను తిప్పింది నువ్వే."

హంపమ్మ నా వైపు తిరిగింది. "ఇదో, నువ్వు గూడా ఇను," అంది. ఆమె అట్లా నన్ను ఎదురుగా నిలబడి పిలవడం అదే మొదలు. "నాగక్క శివంగికి చెప్పిందే నాకూ చెప్పింది. ఇంకోటి మోస్తే నేను మిగలనంట. దానిదైతే ఊరంతా ఇన్నారు."

చేతిలో పేట వదిలేశాను. పేనిందంతా విడిపోయింది.

"అవునా అమ్మా?" అని అడిగాను.

అమ్మ రోలు వైపు చూసింది. "అంది," అంది. తర్వాత, నాతో కాదు, హంపమ్మతోనూ కాదు, ఆ కుక్కపిల్లతో చెప్పినట్టు, "నాకు తొమ్మిది కానుపులు. ఎవురన్నా సాలంటారేమోనని ప్రతి తూరీ సూసినా. ఎవురూ అనలే. అనేది ఒకటుంటాదని గూడా మరిసిపోయినా," అంది.

అని లేచింది. రోలుకు ఆనించిన రోకలి తీసి గోడకు పెట్టింది. పిల్లను రెండు చేతులతో ఎత్తుకొని తిప్పడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పితో కుంటుతూ ఒక చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టులో పిల్ల ఆమె చీర మీద ఉచ్చ పోసింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గాను, అప్పుడే ఇంటిదానివైతివి," అంది అమ్మ.

హంపమ్మ నవ్వింది. వంక పొంగినాక ఆమె నవ్వు నేను వినడం అప్పుడే. నవ్వుతూనే రోలు పక్కన కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అమ్మ పిల్లను ఆమె ఒళ్లో పడేసి చీర మార్చుకోను లోపలికి పోయింది.

నేను పగ్గం మళ్లీ మొదటినుంచి పేనాను.

మరుసటి పొద్దున లేచి నా గొంగడి తీసుకుపోయి మంద కాడి గుడిసెలో పెట్టి వచ్చాను, ఇంక నా పడక అక్కడే అని. ఎద్దులకు నీళ్లు పెట్టాను. బండిలో చొప్ప పరిచాను. చొప్ప పసిపిల్లకు గుచ్చుకుంటుంది. లోపలి గదిలోకి పోయి గోడకు నిలబెట్టి ఉన్న చాప తెచ్చి చొప్ప మీద వేశాను. హంపమ్మ చూసింది. ఎక్కడికని అడగలేదు. రొట్టెలు గుడ్డలో కట్టి, ఇంకో చిన్న గుడ్డలో బెల్లంముక్క కట్టి ఇచ్చింది. రెండూ చాప మీద పెట్టి, ఎద్దులను కట్టి ఆలూరు దారి పట్టాను.