తిరగని మర

మేనేజరు బస్తా మూతి విప్పి, గుప్పెడు పిండి తీసి పిండి వదిన తల మీద చల్లాడు.

"కళ్ళు మూసుకో వదినా, కంట్లో పడుతుంది" అన్నాడు, అదేదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

రెండో గుప్పెడు భుజాల మీద, మూడోది మోచేతుల మీద. ఆ పిండి ఆవిడ పట్టింది కాదు. పొద్దున్నే బజారు కొట్లో కొని బండి మీద తెప్పించాడు, నాలుగు బస్తాలు. మూడు గోడకు ఆనించి నిలబెట్టాడు. నాలుగోది నేల మీద, మర మీద, త్రాసు మీద చల్లడానికి విప్పాడు. ఇంకో గంటలో ఆఫీసరు వస్తాడు. వచ్చేసరికి అది నడిచే మరలా కనిపించాలి, ఆవిడ పని చేసే మనిషిలా కనిపించాలి.

ఇరవై రెండేళ్ళు ఆ తల్లి పిండిని వదిలించుకోవడానికి పడని తంటా లేదు. ఎన్ని చెంబులు పోసుకున్నా చెవుల వెనకో, కనుబొమ్మల్లోనో, గోళ్ళ సందుల్లోనో కాస్త తెల్లగా మిగిలిపోయేది. కొత్త చీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళినా పక్కన కూర్చున్నవాళ్ళకు ఇంత అంటించి గానీ వచ్చేది కాదు. అందుకే చిన్నాపెద్దా అందరికీ పిండి వదిన అయిపోయింది. అసలు పేరు కాగితాల్లో ఉందేమో, పిలిచేవాళ్ళు మాత్రం లేరు. అలాంటి మనిషి మీద ఇవాళ పిండి కొనుక్కొచ్చి చల్లాల్సి వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంది. తెరవాలనిపించలేదు.

ఆ మర ఆవిడ మామగారు పెట్టింది. రెండు రాళ్ళు, ఒక తోలు బెల్టు, చెవులు హోరెత్తే చప్పుడు. కిలోకి నాలుగు రూపాయలు. చేతిలో డబ్బు లేనివాళ్ళు పట్టించుకున్న దాంట్లోంచి దోసెడు పిండి వదిలి వెళ్ళేవాళ్ళు. అదీ లేనివాళ్ళు "రేపిస్తాలే వదినా" అనేసి వెళ్ళేవాళ్ళు. ఆ రేపు వచ్చినా రాకపోయినా ఆవిడ నిలదీసింది లేదు. ఆ వాడలో ఉన్నవి రెండే రెండు దుకాణాలు, ఒకటి చెప్పులు కుట్టేది, రెండోది ఈ మర. కొత్తగా ఇంకోటి పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇక్కడ డబ్బు పెడితే మురుక్కాలవలో పోసినట్టే అనేవాళ్ళు డబ్బున్నవాళ్ళు.

అప్పుడే ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. ఎవరూ కన్నెత్తి చూడని ఇలాంటి వాడల్లో, చిన్న వ్యాపారాల్లో డబ్బున్నవాళ్ళు పెట్టుబడి పెడితే వాళ్ళ పన్నులో తగ్గిస్తామంది. మాట మంచిదే. పథకం పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. చెప్పులు కుట్టుకునేవాళ్ళు, బుట్టలల్లుకునేవాళ్ళు, మర పట్టేవాళ్ళు నాలుగు మెట్లు పైకెక్కుతారని అనుకుని ఉంటారు.

ఒకాయన వచ్చాడు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. మరలో సగానికి పైగా వాటా కొంటానన్నాడు. ఈ పాత రాళ్ళు తీసేసి గంటకు రెండు బస్తాలు పట్టే కొత్త యంత్రం పెడతానన్నాడు. ఆవిడకు నెలకు ఆరువేలు జీతం అన్నాడు. పిండి వదిన తటపటాయించింది. ఆవిడ పెనిమిటికే ఆశ పుట్టింది. తండ్రి మర దగ్గర పుట్టి పెరిగిన మనిషి, ఆ పిండి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నోట్లో పెట్టుకుని పీల్చే మందు నెలకు రెండు డబ్బాలు కావాలి, రెండూ కలిపి పద్దెనిమిది వందలు.

"కొత్త మరకు దుమ్ము రాదటే, గొట్టంలోంచి పోతుందట" అన్నాడు. "నాలాగా నువ్వూ పిల్లికూతలు కూస్తూ కూర్చోవాలా ఏం?"

ఆ ఒక్క మాటకి ఆవిడ సంతకం పెట్టింది.

పాత మరను తూకానికి అమ్మేశారు. కొత్తది వచ్చింది, పెళ్ళికూతురిలా మెరిసిపోతూ. మొదలుపెట్టిన రోజున లారీ మీద జనరేటరు తెచ్చి, దండేసి, ఫొటోలు తీసి, ఒక పూట తిప్పారు. వాడంతా డబ్బాలు పట్టుకుని ఎగబడింది. సాయంత్రానికి లారీ జనరేటరుతో సహా వెళ్ళిపోయింది. ఆ యంత్రానికి మూడు తీగల పెద్ద కరెంటు కావాలి. వాడలోకి వచ్చేది రెండు తీగల కరెంటు. పెద్ద లైను వేయిస్తామన్నారు. వారం అన్నారు, నెల అన్నారు. పదకొండు నెలలైంది.

మూడో నెలలో ఆవిడ ఉండబట్టలేక, వాటా కొన్నాయన పెట్టిన మేనేజరును నిలేసింది. అతను పడుచువాడు, కడుపులో ఏదీ దాచుకోలేడు.

"లైనుకు రెండు లక్షలవుతుంది వదినా. అయ్యగారికి ఆ అవసరం ఏముంది? ఆయన డబ్బు ఏడేళ్ళు ఇక్కడ ఉంటే చాలు, మిగతా వ్యాపారాల మీద పన్ను తగ్గుతుంది. మర తిరిగితే కరెంటు బిల్లు, రిపేర్లు, అరుగుడు. తిరక్కపోతే ఏ గోలా లేదు. నువ్వు తొమ్మిదికి తలుపు తియ్యి, ఆరింటికి వెయ్యి, పుస్తకంలో సంతకం పెట్టు."

"మరి నేనేం చెయ్యాలి బాబూ?"

"కూర్చో."

ఇంటికొచ్చి చెబితే పెనిమిటి నవ్వాడు. నవ్వితే దగ్గొస్తుందని తెలిసీ నవ్వాడు. "ఊరికే కూర్చున్నందుకు జీతం రాణీగారికి తప్ప ఎవరికిస్తారే? నీకేం, అదృష్టవంతురాలివి."

అలా కూర్చుంది. కూర్చోవడం ఎంత కష్టమో పనిచేసి బతికినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్నే వాడ ఆడవాళ్ళు డబ్బాలు నెత్తిన పెట్టుకుని ఆవిడ గుమ్మం ముందు నుంచే బజారు మరకు నడిచి వెళ్ళేవాళ్ళు, పోనూ రానూ నాలుగు మైళ్ళు. మొదట్లో పలకరించేవాళ్ళు. తర్వాత ఎత్తిపొడిచారు. "ఏం వదినా, కుర్చీ అరిగిందా?" అని ఒకరు, "మాకూ చెప్పరాదూ అలాంటి ఉద్యోగం" అని ఒకరు. ఆ తర్వాత అదీ మానేశారు. తల తిప్పుకుని పోయేవాళ్ళు. ఎత్తిపొడిచినా బాగుండుననిపించింది ఆవిడకు.

ఇవాళ మేనేజరు ఆ ఆడవాళ్ళనే పిలిపించాడు. ఖాళీ డబ్బాలు పట్టుకుని గంటసేపు వరసలో నిలబడితే మనిషికి వంద. పన్నెండు మంది వచ్చారు. ఎవరు మాత్రం వద్దంటారు, వందంటే ఒక రోజు పొయ్యి వెలుగుతుంది. ఎండలో కొంగులు తలకు చుట్టుకుని నిలబడ్డారు. పిండి వదిన తల తెల్లగా కనబడగానే ముందున్నావిడ పక్కకు చూసి, "ఒక్కరోజులో ముసలిదైపోయింది పాపం" అంది. వరసలో నవ్వు పాకింది. పిండి వదిన కూడా నవ్వబోయింది గానీ పెదవులు కదల్లేదు.

పన్ను తగ్గింపు కోసం తనిఖీ చేసే ఆఫీసరు వచ్చాడు. చంకలో అట్ట, అట్టకు కాగితాలు, మెడకు చెమట. పాపం, చెడ్డవాడిలా లేడు. ఇవాళ ఇది తొమ్మిదో చోటట, ఇంకా అయిదు ఉన్నాయట. మంచినీళ్ళడిగి తాగాడు. బోర్డు చూశాడు. యంత్రం వెనక్కి వంగి నంబరు చదివాడు. మేనేజరు పక్కనే ఉండి అడిగినవీ అడగనివీ చెబుతున్నాడు.

అప్పుడు వరసను తోసుకుంటూ బొంతల పెద్దమ్మ లోపలికొచ్చింది. పాతబట్టలతో బొంతలు కుట్టి అమ్ముకునే ముసలమ్మ. మోకాళ్ళు రెండూ పట్టేశాయి, నోట్లో పళ్ళు లేవు. ఆవిడను మేనేజరు పిలవనేలేదు. వాడలో ఎవరో మర దగ్గర వరస కట్టారంటే విని, తనే పరుగున వచ్చింది. పరుగంటే ఆవిడ పరుగు. చేతిలోని డబ్బాను పిండి వదిన ముందు దించింది. అందరివీ ఖాళీ డబ్బాలు. ఆవిడది కాదు. నిండా గోధుమలున్నాయి, రాళ్ళేరి, కడిగి, ఎండబెట్టినవి.

"మెత్తగా వెయ్యి అమ్మాయ్" అంది, ఆయాసపడుతూ. "బజారుదాకా నడవలేక ఇన్నాళ్ళూ ఉడకబెట్టుకుని మింగుతున్నా. పొట్టలో రాళ్ళు పోసుకున్నట్టుంటోంది. ఇవాళ జావ కాచుకుంటా. మర తిరుగుతోందని మాటవరసకైనా నాకు చెప్పలేదేమే?"

వరసలో ముందున్నావిడ తన ఖాళీ డబ్బాను కొంగు చాటుకు తీసుకుంది.

పిండి వదిన డబ్బాలో చెయ్యి పెట్టింది. అలవాటు కొద్దీ ఒక గింజ తీసి పంటి కింద వేసుకుంది. తడి లేదు, బాగా ఎండింది. పట్టడానికి సరిగ్గా ఉంది.

"చూశారా సార్, జనం ఎలా వస్తున్నారో" అన్నాడు మేనేజరు.

పిండి వదిన లేవకుండానే ఆఫీసరును చూసి అంది, "అయ్యా, ఈ మర తిరిగి పదకొండు నెలలైంది. ఈ బస్తాలు కొనుక్కొచ్చినవి. నా నెత్తి మీదదీ కొన్నదే."

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆఫీసరు మాత్రం పెద్దగా ఉలిక్కిపడలేదు. కాగితాన్ని ఒకసారి కిందా మీదా చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, నువ్వు నిజమే చెబుతున్నావు. కానీ తిరుగుతోందా లేదా అన్న ప్రశ్న ఇందులో లేదు. ఉన్నవి నాలుగే. బోర్డు ఉందా, ఉంది. యంత్రం ఉందా, ఉంది. తలుపు తెరిచి ఉందా, ఉంది. వాడకు చెందిన మనిషి పనిలో ఉందా..." కలం ఆవిడ వైపు చూపించాడు. "ఉన్నావు కదా. ఇక్కడ సంతకం పెట్టు. లేని ప్రశ్నకు జవాబు నేనెక్కడ రాయను చెప్పు?"

"అంతే సార్, అంతే" అన్నాడు మేనేజరు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు. వంగి ఆవిడ చెవిలో మెల్లగా, "పెట్టెయ్ వదినా. అన్నయ్య మందు సంగతి చూసుకోవా?" అన్నాడు. బెదిరింపు కాదది. బతిమాలాడు. అతనిదీ జీతమే.

గోడ అవతల ఇల్లు. పెనిమిటి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ దగ్గు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆవిడకు కంఠతా వచ్చు. ఆరువేలు. పద్దెనిమిది వందలు. ఇంత వయసులో ఇంకో పని ఎవరిస్తారు. అన్నీ తెలుసు. అబద్ధం చెప్పమంటే ఆ పాపం వాళ్ళదని సరిపెట్టుకుని చెప్పేదేమో. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పమనడం లేదు. ఊరికే ఉండమంటున్నారు. మూడు వస్తువుల పక్కన నాలుగో వస్తువులా.

పిండి వదిన లేచింది. పెద్దమ్మ డబ్బాను చంకనెత్తుకుంది. గడప దాటి ఎండలోకి వెళ్ళి, వరసలో ఆఖరు మనిషి వెనక నిలబడింది.

"అదేంటమ్మా, ఒక్క నిమిషం లోపల కూర్చో, రాసేసుకుని వెళ్ళిపోతాను" అన్నాడు ఆఫీసరు గుమ్మంలోకి వచ్చి.

"నేను పిండి పట్టించుకోవడానికొచ్చానండి" అంది. "మర తిరిగిననాడు లోపలికొస్తా. లేని మనిషిని ఉందని ఎలా రాస్తారో మీ ఇష్టం."

వెనక గోడ అవతల దగ్గు ఒక్కసారిగా ఎక్కువైంది. ఆవిడ పాదాలు అటు తిరిగాయి. మళ్ళీ ఇటు తిరిగాయి. చంకలో డబ్బా బరువుకు నడుము ఒక పక్కకు ఒరిగింది. తన ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగి డబ్బాకు ఒక పక్క చెయ్యి వేసింది.

మేనేజరు వరస పొడుగునా నడిచి, ఇక చాలు, వందలు తీసుకుని ఇళ్ళకు పొమ్మన్నాడు. ఒకావిడ చెయ్యి చాపబోయి కొంగు సర్దుకుంది. ఎవరూ కదల్లేదు.

"ఇంకెంతసేపు పడుతుందే అమ్మాయ్?" అని అడిగింది పెద్దమ్మ, గడప మీద కూలబడి మోకాళ్ళు నిమురుకుంటూ.

ఆఫీసరు ఖాళీ కుర్చీ వైపు చూశాడు, వరస వైపు చూశాడు. నాలుగో ప్రశ్న మీద పెట్టిన కలం అక్కడే ఆగింది. సిరా ఊరి ఆ చోట చిన్న చుక్కగా మొదలై మెల్లమెల్లగా పెద్దదవుతోంది.