పెళ్ళిబండిలో చార్జింగు

మా అన్న కొడుకు పెళ్ళికి పెళ్ళికూతుర్ని తీసుకొచ్చే పని నాకు అప్పగించారు. మొత్తం పద్నాలుగు కార్లు, అన్నిటికంటే ముందు నాది. పెళ్ళికొడుకు ఇంట్లోనే ఉంటాడు, మేం వెళ్ళి పిల్లని తేవాలి. వెళ్ళిన దారిన తిరిగి రాకూడదు. మధ్యలో బండి ఆపకూడదు. పొద్దు గూకేలోపు పిల్ల గడపలో కాలు పెట్టాలి. మా కొండల్లో ఈ మూడింటినీ ఎవరూ దాటరు. పొద్దు గూకాక వచ్చిన కోడలని పేరు పడిందంటే, ఆ పిల్ల ముసలిదయ్యేదాకా ఆ మాట వినాల్సిందే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపానని నన్ను ముందు పెట్టారు. ఆ ముప్పై ఏళ్ళూ నడిపింది ఒకే దారిలో. పొద్దున వెళ్ళింది ఆ దారే. పాత గని మీదుగా వచ్చే రెండో దారి నేనెప్పుడూ చూడలేదు. ఆ సంగతి చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది. నాది బటన్ల ఫోనే అయినా, పక్క సీట్లో మా బావ రెజెప్ ఉన్నాడు, ఆయన ఫోన్లో మ్యాప్ ఉంది కదా, తెలిసినట్టే నడిపేద్దామనుకున్నాను.

నా కారులో సిగరెట్ లైటర్ గుంటలో ఒక అడాప్టరు ఉంటుంది. దానికి రెండు యూఎస్‌బీ పోర్టులు. ఒకటి గట్టిది. రెండోది ఉత్త మోసం. దానికి ఫోన్ తగిలిస్తే మెరుపు గుర్తయితే వస్తుంది, చార్జింగు మాత్రం దిగుతూనే ఉంటుంది. గట్టి పోర్టుని వెనక సీట్లో కూర్చున్న మా అక్క హైరియే ఎక్కగానే ఆక్రమించింది. బావ ఫోన్‌కి రెండోదే మిగిలింది. అక్క చేతిలో టాబ్లెట్, టాబ్లెట్లో మా అమ్మ. మోకాళ్ళ నొప్పులతో రాలేక, ఇంట్లో కూర్చుని వీడియో కాల్‌లో అంతా చూస్తోంది. అక్క పక్కన పెళ్ళికూతురు ఎర్యోనా, ముసుగు కింద తల దించుకుని ఉంది. పుట్టింటి గడప దాటాక అత్తింటి గడప తొక్కేదాకా పెళ్ళికూతురు నోరు విప్పకూడదు. అందుకని ఆ పిల్ల ఒకతి ఉందన్న సంగతే మేం మరిచిపోయాం.

"పాటలు ఆపు బావా, చార్జింగంతా అవే తినేస్తున్నాయి," అన్నాను.

"పాటల్లేకపోతే శవాన్ని తీసుకెళ్తున్నామనుకుంటారు," అన్నాడు రెజెప్. "పదకొండు శాతమే ఉంది. మీ అక్కని ఆ పోర్టు వదలమను."

"వదిలితే అమ్మ ఆరిపోతుంది," అంది అక్క.

"ఎవరే ఆరిపోయేది?" అంది టాబ్లెట్లోంచి అమ్మ.

"పోనీ, మ్యాప్ ఆ టాబ్లెట్లోనే పెట్టు," అన్నాడు బావ.

"పెట్టాలంటే అమ్మని ఆపెయ్యాలి. ఆపేస్తున్నానని నువ్వే చెప్పు ఆవిడతో."

మా ఇంటి అల్లుడై ముప్పై ఐదేళ్ళయినా అంత ధైర్యం బావకింకా రాలేదు. ఫోన్లో చార్జింగు తొమ్మిది శాతమయింది, ఆరయింది. చెరువు దగ్గర పిల్లని అమ్మకి ఒక్కసారి చూపించి పోర్టు ఇచ్చేస్తానంది అక్క. చెరువు వచ్చింది, పోయింది. పాత గని ముందు దారి మూడుగా చీలిన చోట బావ ఫోన్ నల్లబడింది.

అప్పుడు గాని అక్క పోర్టు వదల్లేదు. బావ ఫోన్‌ని దానికి తగిలించి చూశాడు. "ఇది లేవడానికి పది నిమిషాలైనా పడుతుంది," అన్నాడు.

పొద్దు కొండ శిఖరానికి బెత్తెడు ఎత్తులో ఉంది. ఆపడానికి వీల్లేదు. వెనక కారువాణ్ణి దారి అడిగితే ఈ జిల్లాలో ప్రతి పెళ్ళిలోనూ నా మీద నవ్వుకుంటారు. గని ముందున్న ఖాళీ జాగాలో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాను. నా వెనక పదమూడు కార్లూ తిరిగాయి. ఇదేదో సంబరమనుకుని ఇంకా గట్టిగా హారన్లు కొట్టారు. ఎవడో కిటికీలోంచి సగం బయటికొచ్చి రుమాలు ఊపుతున్నాడు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

మూడో చుట్టులో వెనకనుంచి ఎవరో, "ఎడమకి తిప్పండి మామయ్యా," అన్నారు.

అక్క గొంతు కాదు. అద్దంలో చూశాను. ముసుగు కదులుతోంది.

"కుడి దారిలో వంతెన కూలి రెండేళ్ళయింది. మధ్యది మేకల దొడ్ల దాకే వెళ్తుంది. ఈ ఊళ్ళన్నిట్లో పిల్లలకి టీకాలేసేది నేనే. ఎడమకి."

అక్క గబుక్కున టాబ్లెట్‌ని అరచేత్తో మూసేసింది. "నువ్వు మాట్లాడకూడదమ్మా."

"మాట్లాడకపోతే రేపటిదాకా ఇక్కడే తిరుగుతాం అత్తయ్యా."

"ఒసే హైరియే, చెయ్యి తియ్యి," అంది అరచేతి కిందనుంచి అమ్మ. "ఆ బండిలో దారి తెలిసిన మనిషి ఆ పిల్లొక్కతే. చెప్పనీ."

ఎడమకి తిప్పాను. ఎక్కడ గుంతలున్నాయో, ఎక్కడ గేరు తగ్గించాలో కూడా ఎర్యోనా చెబుతూనే ఉంది. మేం వాకిట్లోకి వచ్చేసరికి శిఖరం అంచున పొద్దు ఇంకా ఉంది.

అన్నయ్య పరుగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. "ముప్పై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా నెజీర్," అన్నాడు. అందరూ నా వీపు తట్టారు. నేను కాదని అనలేదు. సిగ్గేసింది, అయినా నవ్వుతూ నిలబడ్డాను. ఎర్యోనా మళ్ళీ తల దించుకుని, ఏమీ ఎరగనట్టు కారు దిగింది.

అమ్మ చేతికర్ర మీద గడపదాకా వచ్చింది. మా ఆచారం ప్రకారం పిల్ల వేళ్ళు తేనెలో ముంచి గుమ్మానికి రాయించింది. గడప దాటించాక, వాకిలంతా వినేలా అంది.

"వచ్చే వారం పుట్టింటికి వెళ్ళేటప్పుడు బండి నువ్వే నడుపు తల్లీ. నెజీర్ వెనక కూర్చుని టాబ్లెట్ పట్టుకుంటాడు."

అన్నయ్య నా మొహంలోకి చూశాడు. నేను బూట్ల వంక చూసుకున్నాను.

అమ్మ అన్నట్టే జరిగింది. ఎర్యోనా నడిపింది, గట్టి పోర్టులో తన ఫోనే పెట్టుకుంది. నేను వెనక సీట్లో అక్క పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. "ఇంకొంచెం పైకెత్తరా, పిల్ల కనబడటం లేదు," అని అమ్మ దారి పొడుగునా చెబుతూనే ఉంది.