పీఈటీ మేడం వైకల్యం

పొద్దున టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు తడిపి పిండుతుండగా ఫోను మోగింది. చేతులు తుడుచుకుని చూసింది సుష్మ. ఆదాయపు పన్ను శాఖ పేరుతో మెసేజి. మీ రిటర్నులో చూపిన మినహాయింపులు సరైనవో కావో చూసుకోండి, తప్పుంటే సరిదిద్దుకోండి అని ఉంది, కింద ఒక లింకు. ఏ మినహాయింపులు? తానెప్పుడు చూపింది? బత్తలపల్లె దగ్గరి హైస్కూల్లో ఆమె పీఈటీ టీచరు. ఈల ఊదడం, ఆడపిల్లల చేత ఖోఖో ఆడించడం తెలుసు. జీతం ఆమె పేరు మీదే పడుతుంది కానీ ఏటీఎం కార్డు మాత్రం భర్త విష్ణువర్ధన్ జేబులో ఉంటుంది. పన్ను సంగతులన్నీ ధర్మవరంలో రిటర్నులు వేసే దుకాణం తిప్పేష్ చూస్తాడు. ఏటా ఒకసారి హాల్లోంచి భర్త, "మే, ఓటీపీ వచ్చింటాది, చెప్పు" అని కేకేస్తాడు. వంటింట్లోంచి ఆమె అంకెలు చదువుతుంది. పన్ను విషయంలో ఆమె చేసే పని అంతే.

పళ్ళెం అతని ముందు పెడుతూ మెసేజి చూపించింది.

"అన్నీ దొంగ మెసేజులు. నొక్కితే బ్యాంకులో దుడ్లన్నీ ఊడ్సకపోతారు. తిప్పేష్ ఉండాడు గదా" అన్నాడు విష్ణువర్ధన్ తల ఎత్తకుండానే.

"నిక్కరేసుకొని ఎగిరేదానికి లెక్కలెందుకంట" అంది అత్త వెంకటలక్ష్మమ్మ. సుష్మ స్కూలుకు ట్రాక్ ప్యాంటు వేసుకునే వెళ్తుంది. ఆవిడ దృష్టిలో పద్దెనిమిదేళ్ళుగా అది నిక్కరే.

దొంగ మెసేజే కావచ్చు. అయితే స్కూల్లో మరో ముగ్గురికీ అదే వచ్చింది. ఆ ముగ్గురి రిటర్నులూ తిప్పేష్ వేసినవే. నొక్కొద్దని ఒకరు, నొక్కకపోతే జైలని ఒకరు, అసలు చదవొద్దని ఇంకొకరు. ఎవరి మాట నమ్మాలో తెలియక సాయంత్రం బస్సు దిగి నేరుగా తిప్పేష్ దుకాణానికే పోయింది.

అతను నవ్వాడు. "మీకెందుకు మేడం టెన్షను? రీఫండు వచ్చిందా లేదా? దాంట్లో నా వంతు నేను తీసుకున్యా. విష్ణువర్ధన్ అన్నకు అంతా తెలుసు."

"నా రిటర్ను కాపీ ఒకటి ఇయ్యప్పా."

"అన్నకు పంపిస్తాలే మేడం."

ఆమె జీతం లెక్క ఆమెకివ్వడానికి అతనికి అన్న కావాలి. మెట్లు దిగుతుంటే ఆమెకు కోపం రాలేదు. అడగరానిదేదో అడిగినట్టు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం తెలియలేదు.

హెడ్మాస్టరు రామాంజనేయులును స్టాఫ్‌రూములో అందరూ ఎగతాళి చేస్తారు, ఒక్క ఏడూ రీఫండు రాని మనిషని. సుష్మ ఆయన్నే అడిగింది. "కట్టాల్సింది కడతాండానమ్మా, రీఫండు యాడనుంచి వస్తాది? అనంతపురంలో రిటర్నులు వేసే కృపాకుమారి అని ఉండాది. దుడ్లు వెనక్కి తెప్పిస్తానని నాకు ఎప్పుడూ చెప్పనిది ఆమె ఒక్కతే. అందుకే పోతా" అన్నాడాయన.

రెండో శనివారం, ఆటల పోటీలని ఇంట్లో చెప్పి అనంతపురం బస్సెక్కింది.

కృపాకుమారికి యాభై దాటి ఉంటాయి. మెసేజిలోని లింకు ముట్టుకోనివ్వలేదు. శాఖ వెబ్‌సైటును సుష్మ చేతే తెరిపించింది. పాస్‌వర్డు తిప్పేష్ దగ్గరుంది, ఈమెయిలూ అతనిదే. ఆధార్‌తో కొత్త పాస్‌వర్డు పెట్టించి, టైపు చేసేటప్పుడు తను మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత తెర మీద వేలు పెట్టింది.

"ఈ పార్టీకి చందా ఇచ్చినావా?"

"లేదు."

"ఇది?"

తీవ్ర వైకల్యం. ఎనభై శాతం.

"ఎవరికి?" అంది సుష్మ.

"నీకే."

కృపాకుమారి చూపు ఆమె కాళ్ళకున్న స్పోర్ట్స్ బూట్ల మీద పడింది. "ఏం పని చేస్తాండావమ్మా?" అని మెల్లగా అడిగింది. సుష్మ చెప్పింది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

ఖోఖోలో రాష్ట్ర జట్టుకు ఆడిన పిల్ల తను. పెళ్ళిచూపుల్లో విష్ణువర్ధన్, ఈ పిల్లను పట్టుకోవాలంటే కష్టమే అని నవ్వించాడు. కాపురానికి వచ్చాక పోటీలకు పోతానంటే, ఇంగ ఆటలు చాలు అన్నాడు. మొన్న మోకాలు వాచి ఇంటికొస్తే, నిన్నెవరు ఎగరమన్నారన్నాడు. ఈ అంకె రాసే రోజున తిప్పేష్ అతన్ని అడిగే ఉంటాడు. టీ తాగుతూ సరే రాయి అని ఉంటాడా? అప్పుడు నవ్వాడా? నవ్వి ఉంటే బాగుండునా, నవ్వకపోతే బాగుండునా? ఇంతకీ తను బాధపడాల్సింది మోసానికా, ఆ మాటకా? ఏదీ తేలలేదు. బల్ల కింద చెయ్యి పెట్టి, ఉందో లేదో అన్నట్టు మోకాలు తడుముకుంది.

"గడువుండాది, సరిదిద్ది మళ్ళీ వేయొచ్చు" అంటోంది కృపాకుమారి. "వచ్చిన రీఫండు వడ్డీతో తిరిగి కట్టల్ల. నా ఫీజు ముందే చెప్తా, వాటా తీసుకోను. వేసేముందు ప్రతి గడీ నువ్వు చదువు. పాస్‌వర్డు నాకు గూడా చెప్పొద్దు. మీ ఆయన్ని అడిగి రా."

"చెప్తా. అడగను" అంది సుష్మ. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానమేసింది.

ఆ సాయంత్రమే చెప్పింది. విష్ణువర్ధన్ లేచి నిలబడ్డాడు. "అందరూ చేసేదే గదా! కాగితంలో రాస్తే నీ కాళ్ళేమన్నా ఇరిగినాయా?"

"ఇరగలేదు. దానికే సరిజేపిస్తాండా."

మరుసటి వారం బ్యాంకుకు పోయి కొత్త కార్డు తీసుకుంది, పన్ను కట్టింది, ప్రతి గడీ చదివి రిటర్ను వేసింది. విష్ణువర్ధన్ మాటలు మానేశాడు. నీవల్ల మా గుట్టూ బయటపడుతుందని స్టాఫ్‌రూములో ఆ ముగ్గురూ మొహం తిప్పుకున్నారు. గెలిచినట్టేమీ లేదు. గ్రౌండులో ఈల నోట్లో పెట్టుకుని, ఉన్న ప్రశాంతత చెడగొట్టుకున్నానా అని ఊదడం మరిచిపోయి నిలబడిన రోజులున్నాయి.

ఒక ఉదయం ఆమె తొట్టి దగ్గర బట్టలు పిండుతుంటే వెంకటలక్ష్మమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఏదో అంటుందని సుష్మ తల వంచుకుంది. ఆవిడ హాలు వైపొకసారి చూసి, బొడ్డు సంచిలోంచి తన పాన్ కార్డు తీసింది.

"చేను కాగితాలని వాడు నాతో గూడా ఏలిముద్రలు ఏయించుకుంటాంటాడు మే. నువ్వు పరిగెత్తేదానివే, నిన్నే కుంటిదాన్ని జేసినారు" అంది గొంతు తగ్గించి. "నన్నూ అనంతపురం పిల్సకపో. బతికుండానని రాసినారో లేదో చూడల్ల."