జున్ను నీళ్లు తాగని రోజు

పరదేశి గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని కాలి వేలితో ముందుకు నెట్టి, తను వెనక్కి జరిగాడు. జున్ను లేచి వచ్చింది. గిన్నె మీదికి మూతి వంచింది. నాలుక నీటికి తగిలిందో లేదో, ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుని మంచం కిందికి దూరిపోయింది. దాని మూతి నుంచి చొంగ తీగలా సాగి గచ్చు మీద పడింది.

నిన్న పొద్దున కూడా ఇంతే. సాయంత్రం, ఎప్పుడూ లేనిది, కోడిగుడ్డు కలిపిన ముద్ద చేత్తో అందించబోతే మూలిగి తల విదిలించింది. పన్ను గీసుకుని అతని చూపుడువేలి చర్మం లేచింది. అప్పటినుంచి ఆ వేలిని పిడికిట్లో దాచుకునే తిరుగుతున్నాడు.

జున్ను పెద్ద కుక్కేమీ కాదు. నిలబడితే అతని పిక్కలో సగానికి వస్తుంది. సగం పొమేరియన్, మిగతా సగం ఏ వీధిదో. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. కింది పళ్లు బయటికి పొడుచుకొచ్చి ఎప్పుడూ ఎవరి మీదో అలిగినట్టు కనిపిస్తుంది. కళ్ల కింద తెల్ల బొచ్చు మీద ఇటుక రంగు చారలు. పక్కింట్లో కుక్కరు కూసినా చాలు, వణికిపోతూ వచ్చి మనిషి పాదం మీదికెక్కి కూర్చుంటుంది.

దాన్ని తెచ్చింది అతని భార్య కొండలమ్మ. ఆమె పనిచేసే అపార్ట్‌మెంటులో ఎవరో ఇల్లు మారిపోతూ వద్దనుకుంటే కొంగులో చుట్టుకుని వచ్చింది.

"కుక్క ఇంట్లోకొత్తే నాను బయటికెల్లిపోతాను" అన్నాడు పరదేశి.

"ఎల్లు మరి" అంది కొండలమ్మ.

అతను వెళ్లలేదు. దువ్వడం, గోళ్లు తీయడం, ఏటేటా టీకా వేయించడం అన్నీ ఆమే చూసుకునేది. కామెర్లతో ఆమె పోయాక అవన్నీ అతని మీద పడ్డాయి. ఉప్పు లేకుండా అన్నం వండటం నేర్చుకున్నాడు. చెవుల వెనక ఉండకట్టిన బొచ్చును నూనె రాసి విడదీయడం, ఎండకి రొప్పుతుంటే తడిగోనె పరవడం నేర్చుకున్నాడు. మార్కెట్ నుంచి రాగానే ఓ బెల్లం పలుకు గచ్చు మీద విసిరితే, అది కరకరా నములుతుంటే దూరం నుంచి చూసేవాడు. నోటి దగ్గరికి మాత్రం చెయ్యి పోనిచ్చేవాడు కాదు. టీకా మాట మరిచేపోయాడు.

ఆ భయం ఈనాటిది కాదు. నక్కపల్లి అవతల వాళ్ల ఊళ్లో అతని అన్న అప్పలరమణని పిచ్చికుక్క కరిచింది. ఎవరో పసరు పోశారు, తగ్గిందన్నారు. తర్వాత ఒకరోజు మంచినీళ్ల చెంబు చూసి అన్న గొంతు పట్టుకుపోయింది. నులకమంచానికి కట్టేశారు. "తమ్ముడా, రారా" అని పిలిచాడు అన్న. చిన్నవాడు పరదేశి తలుపు చాటునే ఉండిపోయాడు. గదిలోకి ఎవరూ వెళ్లలేదు. అన్న పోయాక ఇంటిల్లిపాదికీ బొడ్డు చుట్టూ సూదులు వేశారు. ఇప్పటికీ అతను నీళ్లు తాగేముందు గ్లాసులోకి ఒకసారి చూసుకుంటాడు.

బెల్లం మార్కెట్లో ఆ పూట అతనికి చేతులు ఆడలేదు. ఇన్నేళ్ల కళాసీ మోత పనిలో ఎన్నడూ బెల్లం దిమ్మ జారవిడిచినవాడు కాదు, ఇవాళ తనవైపు అంచు జారింది. తోటి కళాసీ పైడిరాజు అటువైపు అంచు పట్టుకుని ఆగాడు.

"ఆ ఏలికేటైనాది బావా?"

"కుక్క పన్ను గీరింది."

"గీరితే గీరింది."

"నీల్లు తాగట్నేదు పైడిరాజూ. గిన్ని సూత్తే బెదిరిపోతంది. సొంగ కారతంది."

పైడిరాజు దిమ్మ కిందికి దించేశాడు. "మొన్నామధ్య దాన్ని వీధి కుక్క కరిసిందన్నావు కదా."

"కరిసింది."

"మరింకేటి. గోనెలో ఏసి కొండకర్ల ఆవ సెరువు కాడ ఒగ్గేసి వచ్చేద్దాం. నా బండుంది."

మధ్యాహ్నం ఇద్దరూ పరదేశి ఇంటికి వెళ్లారు. పరదేశి గోనె మూతి తెరిచి పట్టుకుని నిలబడ్డాడు, దాన్ని ఎలా పట్టాలో తెలియక. పట్టాల్సిన అవసరం రాలేదు. బయట బండి చప్పుడుకి జడిసి జున్ను తనే వచ్చి అతని పాదం మీదికెక్కింది. అతను కళ్లు మూసుకుని పైనుంచి గోనె కప్పేశాడు.

బండి మునగపాక రోడ్డెక్కింది. ఒళ్లో గోనె. ఏ క్షణాన సంచిలోంచి పళ్లు దిగుతాయోనని పరదేశి తొడలు బిగబట్టుకుని కూర్చున్నాడు. పళ్లు దిగలేదు. ఒక వణుకు మాత్రం గోనెలోంచి అతని పొట్టలోకి పాకుతోంది. కాసేపటికి వణుకుతున్నది కుక్కో తనో తెలియలేదు. సంచిలోంచి సన్నగా, పిలిచినట్టు, ఒక మూలుగు వచ్చింది.

"బండాపు" అన్నాడు.

"ఏటి బావా?"

"ఎనక్కి తిప్పు. పసువులాసుపత్రికి పోదాం."

"కరిత్తే సచ్చిపోతావు."

"తిప్పు."

ఆసుపత్రిలో డాక్టరు సుప్రియ చేతులకి తొడుగులు వేసుకుంది. దాని తల పట్టుకోమంటే పరదేశి గోడకి ఆనుకుపోయాడు. "నానొల్లనమ్మా." ఆమె విషయమంతా అడిగి తెలుసుకుంది. కుక్కకి తువ్వాలు చుట్టి, మెల్లగా పై పెదవి ఎత్తింది. దవడ పన్ను నల్లగా ఉంది. చిగుళ్లు ఉబ్బి చీము పట్టింది.

"ఇదండీ సంగతి. చల్లనీళ్లు తగిలితే ప్రాణం లాగేస్తోంది దీనికి."

"పిచ్చి కాదామ్మా?"

"కాదు. పన్ను కుళ్లింది. ఇలాంటి చిన్న కుక్కలకి దవడ ఇరుకు, పళ్లు ఒకదాని మీదికొకటి వస్తాయి. తీపి పెడతారా?"

పరదేశి తల దించుకున్నాడు. "బెల్లం."

"ఇక పెట్టకండి. రేపు పన్ను తీసేద్దాం. గుండె కూడా బలంగా లేదు, వయసైపోయింది. మీరు మాత్రం ఆ వేలు సబ్బుతో కడుక్కుని ఇవాళే సూది వేయించుకోండి. దీనికి టీకా తప్పిపోయింది కదా."

"బొడ్డు సుట్టూనా?"

"ఆ రోజులు పోయాయి. భుజానికే."

ఆమె గోరువెచ్చని నీళ్లు తెప్పించి అతని ఎడమచేతిలో పోసింది. జున్ను వాసన చూసి, తల ఒక పక్కకి వంచి, నొప్పిలేని వైపునుంచి నాకడం మొదలుపెట్టింది. పరదేశి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. చెయ్యి తీయలేదు.

పన్ను తీయించాక డాక్టరమ్మ చెప్పినట్టు పసిపిల్లల బ్రష్షు ఒకటి కొన్నాడు. మొదటిరోజు పెదవి ఎత్తడానికే పొద్దంతా పట్టింది. తర్వాత తర్వాత, తను పళ్లు తోముకుని, జున్నుని ఒళ్లో పెట్టుకుని దాని పళ్లు తోమేవాడు. పేస్టు లేకుండా, ఉత్త నీళ్లతో. పెదవి ఎత్తిన ప్రతిసారీ గుండె ఒకసారి దబ్బుమనేది. అయినా ఎత్తేవాడు. జున్ను ఆ బ్రష్షుని నమిలి నమిలి పాడుచేసింది.

వానలు వెనకబట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం అతను పని నుంచి వచ్చేసరికి జున్ను గుమ్మంలో పక్కకి తిరిగి పడుకుని ఉంది. పిలిచాడు. ముట్టుకుని చూసి, పక్కనే చతికిలబడ్డాడు. పైడిరాజు వచ్చి శారదా నది గట్టున గొయ్యి తీశాడు.

మర్నాడు ముసురు. పరదేశి పెరట్లో పళ్లు తోముకుని, తన బ్రష్షు కడిగి గ్లాసులో పెట్టబోయి ఆగాడు. గ్లాసులో చిన్న బ్రష్షు ఉంది, కుచ్చంతా ఒక వైపుకి ఒరిగిపోయి, మధ్యలో ఒక తెల్ల వెంట్రుక చిక్కుకుని, ఇంకా ఆరకుండా.