నాలుగో పేజీ

తూబా పేరు వింటే నాకు కడుపు మండుతుంది. ముప్ఫై ఏళ్ళుగా మండుతూనే ఉంది.

టెహ్రాన్‌లో ఇద్దరం ఒకే గదిలో పరిశోధన చేసేవాళ్ళం. పనికొచ్చే క్వాంటమ్ కంప్యూటర్ అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. తూబా మాత్రం ఆ యంత్రంలో దొర్లబోయే తప్పుల్ని దిద్దే పద్ధతి రాస్తూ కూర్చుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వాను. నవ్వుతూనే రుజువంతా చదివి, నాలుగో పేజీలో చిల్లు పట్టుకున్నాను. తొమ్మిది రోజులు ఇద్దరం బోర్డు ముందు నిలబడితే అది పూడింది. పూడ్చింది నేనే.

"కామ్యార్, వ్యాసం మీద నీ పేరు కూడా పెడతా," అంది తూబా.

"అబ్బే, నేనేం చేశానని?"

మా దగ్గర పండు ముక్క ఇచ్చినా రెండుసార్లు వద్దని, మూడోసారి తీసుకుంటాం. మొదటిసారే చెయ్యి చాపితే ఆబగాడంటారు. ఆమె రెండోసారి అడుగుతుందని చూశాను. ఆ రోజుల్లో ఎవరైనా వద్దంటే తూబా వద్దనే అనుకునేది. సరేనని వెళ్ళిపోయింది.

ఆ వ్యాసంతోనే ఆమె దశ తిరిగింది. బహుమతులొచ్చాయి, పెద్ద కుర్చీ వచ్చింది, చివరికి లోకంలోకి ఆ క్వాంటమ్ యంత్రాలూ వచ్చాయి. ఆ పద్ధతికి ఆమె పేరే పెట్టారు. ప్రతి ఏడూ ఆ పేరు నా చేత్తోనే బోర్డు మీద రాసి పాఠం చెప్పాలి. రాసిన ప్రతిసారీ సుద్దముక్క విరుగుతుంది.

ఆమధ్య ఆమె గదికి వెళితే టీ పోసి, కొత్త రుజువు చూపించింది. ఒకచోట కూడిక గుర్తు బదులు తీసివేత ఉంది. చెప్పాను.

"భలే పట్టావే. నువ్వు లేకపోతే పరువు పోయేది. దీని మీద నీ పేరు కూడా పెట్టాలి."

"పెట్టు," అన్నాను వెంటనే.

టీ గ్లాసు ఆమె నోటి దాకా వెళ్ళి ఆగింది. నేను వద్దంటానని ఎదురుచూస్తోందని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళకి తూబా మొహమాటం నేర్చుకుంది.

"తప్పకుండా," అంది, పంచదార బిళ్ళల గిన్నె నా వైపు జరుపుతూ.

మాటవరసకి అన్నానని నేను నా మాట వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు.

వ్యాసం ఇద్దరి పేర్లతో వచ్చింది. నా విద్యార్థిని చదివి వచ్చి, "ఇందులో మీరు చేసిందేది సార్?" అని అడిగింది.

"నాలుగో పేజీ," అన్నాను. అది ముప్ఫై ఏళ్ళ కిందటి వ్యాసంలోది.