ఊరి భాష రాని టీచరు

మొదటిసారి ఆమె సర్టిఫికెట్ పోగొట్టుకున్నది ఒకే ఒక్క అరుపు వల్ల.

తెలుగునాడుకు దూరంగా ఉన్న ఆ ఊరి ప్రభుత్వ బడిలో ఆమె ఏళ్ల తరబడి ఊరి భాషలోనే లెక్కలు చెప్పింది. తెలుగు ఆమె ఇంటి భాష. ఆ ఏడు బడిలో కొత్తగా ఒక తరగతి తెరిచారు. అందులో ఆరేళ్ల పిల్లలకు లెక్కలు, బొమ్మలు, ఆటలు అన్నీ తెలుగులోనే. పిల్లల్లో సగం మందికి తెలుగంటే నాయనమ్మ ఫోన్లో మాట్లాడే భాష. మిగతా సగానికి అదీ తెలియదు. ఇంట్లో మాట్లాడతారు కదా అని హెడ్మాస్టరు ఆ తరగతిని టీచరుకు అంటగట్టాడు. ఇంట్లో మాట్లాడితే సరిపోదని, దానికి వేరే సర్టిఫికెట్ ఉండాలని తర్వాత తెలిసింది. టీచరు భాషా పరీక్ష రాసింది, సెలవుల్లో శిక్షణకు వెళ్లింది. ఇక మిగిలింది ఒక్కటే. పరిశీలకురాలు వచ్చి వెనక బెంచీలో కూర్చుని ఒక పాఠం మొత్తం చూడాలి.

అసలు నియమం చిన్నదే. తరగతి గదిలో టీచరుకు ఊరి భాష రాదు. పిల్లలు ఊరి భాషలో ఏమడిగినా అర్థం కానట్టు మొహం పెట్టాలి. అర్థమయ్యేలా చెప్పుకునే తిప్పలు పిల్లలవి.

మొదటి పరిశీలన నాడు పాఠం చక్కగా నడుస్తుండగా ఒకడు కిటికీ ఎక్కాడు. దిగమని ఆమె ఊరి భాషలో ఒక్క కేక పెట్టింది. వాడు దిగాడు. వాడితో పాటే సర్టిఫికెట్టూ దిగిపోయింది. పరిశీలకురాలు పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "కంగారులో కూడా తెలుగే రావాలమ్మా. మళ్లీ వస్తాను. ఈసారి కూడా తప్పితే తరగతి ఉండకపోవచ్చు" అంది.

ఆ కంగారు సంగతి తాను చూసుకుంటానన్నాడు టీచరు భర్త. ఆయన సిటీ బస్సు డ్రైవరు. మనుషులను ఉలిక్కిపడేలా చేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆమె కూర తరుగుతుంటే వెనకనుంచి వచ్చి రెండు స్టీలు పళ్లాలు ఫెడీమని కొట్టేవాడు. ఆమె "అమ్మో" అనేది. అది తెలుగే కాబట్టి పాసని ప్రకటించి వెళ్లిపోయేవాడు. పళ్లాలు సొట్టలు పడుతున్నాయని అత్తగారు గోల పెట్టింది. పోనీ మీరు కాసేపు విద్యార్థిలా కూర్చోండి అత్తయ్యా అని టీచరు బతిమాలితే, తెలిసినదాన్ని తెలియనట్టు నటించడం ఈ వయసులో తన వల్ల కాదని ఆవిడ తేల్చి చెప్పింది.

ఇలా ఉండగా వంటింటి సింకు కింద పైపు కారడం మొదలైంది. ప్లంబరు వచ్చి బాగుచేసి వెళ్లాడు. మళ్లీ కారింది. మళ్లీ వచ్చి బాగుచేశాడు. ఈసారి ఇంకాస్త ఎక్కువ కారింది. సెలవు రోజున టీచరు నేరుగా బజారులో అతని దుకాణానికే వెళ్లి కడిగిపారేసింది, అదీ అచ్చమైన ఊరి భాషలో, గుక్క తిప్పుకోకుండా. ప్లంబరు ఒక మాట అంటే ఆమె పది అంది. అన్నీ అనేసి, మనసు తేలికపడి, వెనక్కి తిరిగింది.

వెనక ఆమె తరగతి పిల్ల ఒకతె, తల్లి చెయ్యి పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

ఆ తరగతిలో అందరికన్నా చురుకైన పిల్ల అదే. టీచరు మనసులో దానికి పిడుగని పేరు పెట్టుకుంది. ఇప్పుడా పిడుగు నెత్తిన పడినట్టే అయింది. నువ్వు అనుకుంటున్న టీచరు నా చెల్లెలమ్మా, నేను వాళ్ల అక్కని అని ఊరి భాషలోనే అనేసింది. పిల్ల తల్లి నవ్వు ఆపుకోలేక కొళాయిల అర వైపు తిరిగిపోయింది.

మర్నాడు తరగతిలో అడుగుపెట్టగానే పిడుగు లేచింది. "టీచర్, నేను మీ అక్కని చూశాను. మీ అక్కకి చాలా కోపం."

అంతవరకు ఆ తరగతిలో పిల్లలు తెలుగులో ఒక్కో మాటే అనేవాళ్లు. నీళ్లు. పెన్సిల్. చాలు. ఆ రోజు మాత్రం గట్టు తెగింది. అక్క ఎక్కడ ఉంటుంది, ఎవరిని తిట్టింది, ఎందుకు తిట్టింది, రాత్రి ఎక్కడ పడుకుంటుంది? అన్నీ తెలుగులోనే అడగాలి, ఎందుకంటే పాపం టీచరుకు ఇంకో భాష రాదు. మాటలు దొరక్కపోతే ఒకరినొకరు అడుగుతున్నారు. అబద్ధం చెప్పినందుకు టీచరుకు సిగ్గుగానే ఉంది, కానీ ఆ మాటల వరద ఆపబుద్ధి కాలేదు. అక్క మీకు మా భాష ఎందుకు నేర్పలేదని ఒకడు అడిగినప్పుడు మాత్రం నీళ్లు నమిలి, ఆమెకు తీరిక లేదంది. అక్క మంచిది కాదని తరగతి అంతా కలిసి తీర్మానించింది.

ఇంట్లో ఈ సంగతి చెప్పాక భర్తకు పండగే. అన్నానికి కూర్చున్న ప్రతిసారీ, "వదినగారు భోంచేశారా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఉన్న కోడలితోనే వేగలేకపోతున్నాను, ఇంకొకర్తి కూడానా అంది అత్తగారు.

రెండో పరిశీలన రోజు వచ్చింది. పరిశీలకురాలు వెనక బెంచీలో కూర్చుంది. ఆ రోజు పాఠం బరువు, తేలిక. బల్ల మీద తక్కెడ పెట్టి టీచరు ఒక పళ్లెంలో రాయి, ఇంకో పళ్లెంలో దూది వేస్తోంది. అప్పుడు తలుపు తోసుకుని, భుజాన పనిముట్ల సంచితో ఆ ప్లంబరే లోపలికి వచ్చాడు. తరగతి మూలన రంగులంటిన చేతులు కడుక్కునే సింకు ఉంది. దాన్ని బాగుచేయమని హెడ్మాస్టరు పిలిపించాడు.

టీచరును చూసి అతను సంచి కింద పెట్టాడు. మొన్న జనం ముందు పోగొట్టుకున్న పరువు ఇక్కడే తిరిగి రాబట్టుకోవాలనుకున్నాడో ఏమో, ఊరి భాషలో గట్టిగా అందుకున్నాడు. జవాబులన్నీ టీచరు నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. కింది పెదవి పళ్ల కింద నొక్కిపట్టి, వాటిని మింగి, "మీరు చెప్పేది నాకు అర్థం కావడం లేదండీ" అంది తెలుగులో.

మొన్న జలపాతంలా విరుచుకుపడ్డ మనిషి ఇవాళ ఇలా అంటే వెక్కిరింత కాక మరేమిటి? ప్లంబరు మొహం ఎర్రబడింది. అంతలో పిడుగు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"మీకు రాదు కదా టీచర్, నేను చెప్తాను."

ముందు ప్లంబరు వైపు తిరిగి ఊరి భాషలో నచ్చజెప్పింది. మొన్న అరిచింది ఈవిడ కాదు, వీళ్ల అక్క. ఆవిడ చెడ్డది, ఈవిడ మంచిది. ఈవిడకి మన భాష రాదు, నెమ్మదిగా చెప్పు. ప్లంబరు పిల్లనీ టీచరునీ మార్చి మార్చి చూశాడు. చివరికి గొంతు తగ్గించి తన సంగతి చెప్పుకున్నాడు. పిడుగు టీచరు వైపు తిరిగింది.

"టీచర్, పైపు ముసలిదట. మీ అక్క అరిస్తే పైపుకి వినపడదట."

"ముసలిది కాదు," అని వెనకనుంచి ఒకడు అందుకున్నాడు. "మనుషులు ముసలి. పైపు పాత."

దాని మీద తరగతిలో చర్చ లేచింది. కుక్క ముసలిదా పాతదా అని ఒకరు, మా తాత కుర్చీ సంగతేమిటని ఇంకొకరు. పరిశీలకురాలి కలం ఆగకుండా నడుస్తోంది.

టీచరు గొంతు సవరించుకుంది. "మా అక్క తరఫున క్షమించమని చెప్పమ్మా. కానీ పైపు పాతదని మొదటిసారే ఎందుకు చెప్పలేదో కూడా అడుగు."

పిడుగు అడిగింది. ప్లంబరు తల గోక్కుంటూ ఏదో గొణిగాడు.

"మర్చిపోయాడట టీచర్. ఆదివారం వచ్చి కొత్తది వేస్తాడట. మీ అక్క ఇంట్లో లేనప్పుడు వస్తాడట."

అక్కను ఆదివారం బయటికి పంపిస్తానని టీచరు మాట ఇచ్చింది. ప్లంబరు మెత్తబడ్డాడు. అదే అదనుగా అతని సంచిని సైగ చేసి అడిగి తీసుకుని, పిల్లలందరిచేత వంతులవారీగా ఎత్తించింది. ఎత్తలేక మూలుగుతూ బరువు బరువు అని అరిచారు వాళ్లు. అతని రెంచి తక్కెడలో వేస్తే రాయి గాల్లోకి లేచింది.

పిల్లలు ఆటలకు వెళ్లాక పరిశీలకురాలు ముందుకు వచ్చి, ఆ ప్లంబర్ని మీరే రప్పించారా అని అడిగింది. లేదంది టీచరు. దాచి లాభం లేదనిపించి, తలవంచుకుని, "నాకు అక్క లేదండీ" అంది.

"తెలుసమ్మా. ఆ పిల్ల తెలుగులో చెప్పకముందే మీరు పెదవి కొరుక్కున్నారు. నేను చూడలేదనుకోండి. టీచర్లు మాట్లాడటం నేను చాలా తరగతుల్లో విన్నాను. పిల్లలు ఇంత మాట్లాడగా వినడం అరుదు."

సర్టిఫికెట్ వచ్చింది. తరగతి నిలబడింది. కానీ చిన్నపిల్లలతో అంత అబద్ధం ఆడానన్న బాధ మాత్రం టీచరును వదల్లేదు. ఒకరోజు అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, తనకు అక్క లేదని, ఆ రోజు దుకాణంలో అరిచింది తనేనని చెప్పేసింది.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిడుగు లేచి వచ్చి టీచరు చెయ్యి పట్టుకుంది.

"అక్కతో గొడవపడ్డారా టీచర్?"

లేదని ఆమె ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. గొడవపడితే తనూ తమ్ముడు లేడనే చెప్తానని ఒకడు సాక్ష్యం పలికాడు. అక్క కోపిష్ఠిదే కానీ ఒంటరిగా ఉంటే ఏడుస్తుందని ఇంకో పిల్ల అంది. చివరికి అందరూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. టీచరే చిన్నది కాబట్టి ముందు టీచరే వెళ్లి మాట్లాడాలి. మాట్లాడతానని ఒట్టు వేస్తే తప్ప భోజనానికి కదలబోమన్నారు. పిల్లల అన్నం చల్లారిపోతోందని టీచరు ఒట్టు వేసింది.