ఫొటోలో ఐదో పిల్ల

ట్రెవీన్యో హెడ్మాస్టరుగా ఉన్న బడిలో కాలేజీ అంటే గోడకు తగిలించిన ఒక తెర. ఎక్కడో నగరంలో ఉన్న మాస్టారు అందులోంచి పాఠం చెబుతాడు. గాలి గట్టిగా వీస్తే తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోతాడు. అయినా రియో గ్రాండే నది లోయలో, ఉల్లిచేల మధ్య, తన బడి పిల్లలు పదహారేళ్లకే డిగ్రీ కాలేజీ చదివేస్తున్నారని ట్రెవీన్యో కనబడ్డవాడికల్లా చెబుతాడు.

నెరేయిదా ఆ పిల్లల్లో ఒకతి. ఆమె పరీక్ష కంప్యూటర్లో పదింటికి తెరుచుకుని పదకొండింటికి మూసుకుపోతుంది. ఆలోపు రాయకపోతే తప్పినట్టే, ఆ మచ్చ రేపు అసలు కాలేజీకి వెళ్లినా వెంటే వస్తుంది.

సరిగ్గా పదింటికే ట్రెవీన్యో ఫొటో పెట్టాడు. బడికి విరాళమిచ్చే పెద్దలు వస్తున్నారు, పట్టా పుచ్చుకునేవాళ్లలా నల్లగౌన్లు, టోపీలతో ఐదుగురు పిల్లలు వరసగా నిలబడాలి. మిగతా నలుగురి పరీక్షలు నిన్ననే అయిపోయాయి. నెరేయిదా తన సంగతి చెబితే, పరీక్షలు మళ్లీ వస్తాయి గాని దాతలు వస్తారా అన్నాడు. నలుగురే ఉంటే ఫొటో బోసిగా ఉంటుందట.

పదింపావయింది. దాతల జాడ లేదు. ఉల్లిపాయల షెడ్డులో సెలవడిగి, ఇస్త్రీ జాకెట్టు వేసుకుని చూడటానికొచ్చిన తల్లి ఒబ్దూలియాకు, కూతురు ఎందుకు ఏడుపు మొహం పెట్టిందో అప్పుడు తెలిసింది.

"ఇదేం కాలేజీనే, పరీక్ష రాయనివ్వదు?" అంది. "ఆ గౌనూ టోపీ విప్పి ఇలా ఇయ్యి. నువ్వు పో."

"అమ్మా, నీకేమన్నా పిచ్చా?"

"వాళ్లు మన మొహాలు ఎప్పుడు చూశారు తల్లీ? పో."

నెరేయిదా కంప్యూటరు గదికి పరుగెత్తింది. ట్రెవీన్యో నోరు తెరిచేలోపే దాతలు కారు దిగారు. ఒబ్దూలియా గౌను తొడుక్కుని, టోపీ మొహం మీదికి లాక్కుని వరసలో చివర నిలబడింది. ఒకాయన అందరి చేతులూ పట్టుకుని ఊపుతూ ఆమె దాకా వచ్చాడు.

"పెద్దయ్యాక ఏమవుతావమ్మా?"

"అమ్మమ్మనవుతాను. తొందరేం లేదు లెండి."

ఆయన ఎంతో తెలివైన పిల్ల అన్నాడు. ట్రెవీన్యో అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇప్పుడు పెద్దరోడ్డు పక్కన ఆ ఫొటో ఇంత బోర్డుగా నిలబడింది. పదహారేళ్లకే కాలేజీ అని కింద రాశారు. పైన నలభై నాలుగేళ్ల ఒబ్దూలియా పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. షెడ్డులో ఆడవాళ్లు ఆమెను కాలేజీ పిల్లా అని పిలుస్తున్నారు. మిగిలిన ముప్పావు గంటలోనే రాసి నెరేయిదా పాసైంది. దానికి మాత్రం ఎవరూ బోర్డు పెట్టలేదు.